మినుకుమనే ప్రశ్నార్థకం

పిల్లాడు 'ఏ' మీట నొక్కాడు. తెర మీద 'ఏ' పడలేదు. 'న్యూ' అనే మాట మొత్తంగా వచ్చి కూర్చుంది. చెరిపి మళ్లీ నొక్కాడు. మళ్లీ 'న్యూ'. ఒళ్లో తెరిచి పెట్టుకున్న బేసిక్ పుస్తకంలో మాత్రం ఆ లైను ఎవరైనా కొట్టగలిగేంత చిన్నది: ముందు పది అంకె, తర్వాత 'ఏ', సమానం గుర్తు, అయిదు. వచ్చిందేదో రానీ అనుకుని సమానం గుర్తూ అయిదూ కొట్టి ఎంటర్ నొక్కాడు. లైను పైకి ఎక్కలేదు, తెర అడుగున ఉన్నచోటే ఉండిపోయింది. 'న్యూ'కీ సమానం గుర్తుకీ నడుమ ఒక ప్రశ్నార్థకం పుట్టి వెలుగుతూ ఆరుతూ నిలబడింది.

నిజానికి అదృష్టవంతుడు. ముందున్న పది అంకె లేకుండా వట్టి 'న్యూ' మిగిలి, దాని మీద ఎంటర్ నొక్కి ఉంటే అప్పటిదాకా కొట్టిందంతా తుడిచిపెట్టుకుపోయేది. నిజంగానే చెరపమంటావా అని అడిగే మర్యాద ఆ రోజుల్లో యంత్రాలకు లేదు.

ఆ యంత్రం పేరు సింక్లెయిర్ జడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్. 1982 ఏప్రిల్ 23న ఇంగ్లండులో విడుదలైంది. 16 కిలోబైట్ల జ్ఞాపకశక్తి ఉన్నది 125 పౌండ్లు, 48 కిలోబైట్లది 175 పౌండ్లు. నల్లటి చిన్న డబ్బా, నలభై రబ్బరు మీటలు. తెర ఉండదు, ఇంట్లో టీవీకి తగిలించుకోవాలి. ప్రోగ్రాం దాచుకోవాలంటే క్యాసెట్ రికార్డర్ కావాలి. స్విచ్చి వేస్తే తెర అడుగున సింక్లెయిర్ కంపెనీ పేరు, 1982 అన్న సంవత్సరం కనిపిస్తాయి. ఏదో ఒక మీట నొక్కితే చాలు, మీరు నేరుగా బేసిక్ భాషలో ఉంటారు. మధ్యలో మెనూలు, బొమ్మలు, మౌసు ఏమీ లేవు.

అలాంటి యంత్రం ఒకటి బ్యాంకాక్ నుంచి హైదరాబాద్ చేరింది. తెచ్చినవాడు ఐఏఎస్ అధికారి బి.ఎన్. యుగంధర్. సొంతూరు అనంతపురం జిల్లా బుక్కాపురం. అందుకున్నవాడు ఆయన కొడుకు, సుమారు పదిహేనేళ్లవాడు, బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ విద్యార్థి, క్రికెట్ పిచ్చివాడు. ఆ కుర్రాడు సత్య నాదెళ్ల. ఈ సంగతి 2017లో అచ్చయిన తన పుస్తకం 'హిట్ రిఫ్రెష్'లో ఆయనే రాశారు. సాఫ్ట్‌వేర్ అనే దాని గురించి తనను మొదట ఆలోచింపజేసింది ఆ డబ్బాయేనని, మారుమూల భారతదేశంలో ఉన్న ఒక పిల్లాడికి ప్రోగ్రామింగ్ అబ్బితే ఇక ఎవరికైనా అబ్బుతుందనిపించిందని ఆయన చెప్పుకున్నారు.

ఇది యథార్థ గాథ అన్నాక ఒక మాట ముందే చెప్పుకోవాలి. ఆ ఇంట్లో ఆ సాయంత్రాలు ఎలా గడిచాయో చూసి రాసిన మూడో మనిషి లేడు. పైన 'ఏ' నొక్కిన పిల్లాడు సత్యే అని నేను ప్రమాణం చేయను. కానీ స్పెక్ట్రమ్ ముందు కూర్చుని, ఇంకో కంప్యూటర్ కోసం రాసిన బేసిక్ పుస్తకం తెరిచిన ప్రతి పిల్లాడికీ ఆ 'న్యూ' ఎదురై తీరుతుంది. మనుషులు మాట మారుస్తారు, ఏళ్లు గడిచాక జ్ఞాపకానికి మెరుగులు దిద్దుకుంటారు. ఈ యంత్రం అలా చేయదు. 1982లో ఏ తప్పుకు ఏ అక్షరం ముందు ప్రశ్నార్థకం పెట్టిందో ఇవాళా సరిగ్గా అక్కడే పెడుతుంది. దాని లోపలున్న ప్రోగ్రామును ఉన్నదున్నట్టు నడిపే ఎమ్యులేటర్లు ఉచితంగా దొరుకుతున్నాయి. కాబట్టి పిల్లాడి మనసులో ఏముందో చెప్పలేకపోయినా, తెర మీద ఏం జరిగిందో పొల్లుపోకుండా చెప్పొచ్చు.

'ఏ' నొక్కితే 'న్యూ' ఎందుకొచ్చింది? సింక్లెయిర్ యంత్రాల్లో బేసిక్ ఆజ్ఞలను అక్షరం అక్షరం కొట్టే పనిలేదు. లైను మొదట్లో ఉన్నప్పుడు ప్రతి అక్షరం మీటకూ ఒక ఆజ్ఞ కేటాయించి ఉంటుంది. 'పి' నొక్కితే ప్రింట్, 'ఎల్' నొక్కితే లెట్, 'జి' నొక్కితే గో టు, 'ఆర్' నొక్కితే రన్. ఆజ్ఞ కోసం చూస్తున్నంతసేపూ కర్సర్ 'కె' అనే అక్షరంగా మినుకుతుంది. ఆజ్ఞ పడ్డాక 'ఎల్'గా మారుతుంది, అంటే ఇక అక్షరాలు కొట్టుకోవచ్చని. చూపు మీటల మీద పెట్టి, ఆ కర్సర్ ఏ అక్షరంలో ఉందో గమనించని వాళ్లందరూ మొదటి వారం బోల్తా పడతారు. మైక్రోసాఫ్ట్ బేసిక్ వాడే యంత్రాల పుస్తకాల్లో 'ఏ సమానం 5' అని రాస్తే సరిపోతుంది. స్పెక్ట్రమ్‌లో దాని ముందు 'లెట్' ఉండి తీరాలి, మినహాయింపు లేదు. సున్నా బదులు 'ఓ' కొట్టే అలవాటున్న వాళ్లకు ఇంకో వినోదం. 'పది' అని రాద్దామని ఒకటి కొట్టి 'ఓ' నొక్కితే, ఒకటి పక్కన 'పోక్' అనే ఆజ్ఞ ప్రత్యక్షమవుతుంది.

మీటకో ఆజ్ఞ అన్నది సింక్లెయిర్ వాళ్లు సరదా కోసం పెట్టుకున్నది కాదు, పేదరికంలోంచి పుట్టిన ఏర్పాటు. సింక్లెయిర్ మొదటి హోమ్ కంప్యూటర్ జడ్‌ఎక్స్80లో ఉన్న జ్ఞాపకశక్తి ఒక్క కిలోబైటు. దాని బేసిక్ మొత్తాన్ని నాలుగు కిలోబైట్లలో ఇరికించాడు నైన్ టైల్స్ అనే చిన్న సంస్థకు చెందిన జాన్ గ్రాంట్. అంత ఇరుకులో 'ప్రింట్' అనే మాటకు అయిదు బైట్లు ఖర్చుపెట్టలేరు. మీట నొక్కగానే దాన్ని ఒకే సంఖ్యగా దాచేస్తే చోటు కలిసొస్తుంది, కొట్టిన అక్షరాలను కూడబలుక్కుని ఆజ్ఞను గుర్తుపట్టే బాధా తప్పుతుంది. రెండో ఏర్పాటు, నా దృష్టిలో దీనికన్నా గొప్పది, లైను కొట్టి ఎంటర్ నొక్కిన మరుక్షణమే వ్యాకరణం సరిచూడటం. తప్పున్న లైను ప్రోగ్రాంలోకి వెళ్లదు. సరిదిద్దేదాకా తెర అడుగునే ఆగుతుంది. స్పెక్ట్రమ్ కోసం ఈ బేసిక్‌ను పదహారు కిలోబైట్లకు పెంచి రాసినవాడు స్టీవ్ వికర్స్. యంత్రంతో పాటు వచ్చిన పాఠ్యపుస్తకం రాసిందీ ఆయనే. తప్పులు పట్టుకునే ప్రోగ్రామునూ, తప్పులంటే భయపడొద్దని చెప్పే పుస్తకాన్నీ ఒకే మనిషి రాయడం చాలా అరుదు. ఆ పుస్తకం ఇప్పుడు చదివినా బాగుంటుంది.

మిగతా యంత్రాలు ఏం చేసేవో చూస్తే దీని విలువ తెలుస్తుంది. కమొడోర్ లాంటి వాటిల్లో మైక్రోసాఫ్ట్ బేసిక్ ఉండేది. దానికి ఏ చెత్త కొట్టినా లైనుకు నంబరుంటే నోరు మూసుకుని తీసుకుంటుంది. రన్ అన్నాక, నడుస్తూ నడుస్తూ ఆ లైను దగ్గరకు చేరినప్పుడు మాత్రమే ఫలానా లైనులో సింటాక్స్ ఎర్రర్ అని అరుస్తుంది. లైనులో ఎక్కడో చెప్పదు. అసలు అటువైపు ప్రోగ్రాం వెళ్లకపోతే ఆ తప్పు నెలల తరబడి అలాగే పడుండొచ్చు. అంతకుముందు 1975 నాటి ఆల్టెయిర్ బేసిక్ అయితే మరీ పొదుపు: 'ఎస్‌ఎన్ ఎర్రర్' అని రెండక్షరాలు పడేసి ఊరుకునేది. 

ఇక ఆ ప్రశ్నార్థకం మా ఝరాసంగంలో మెరిసిన సంగతి.

మాది కేతకీ సంగమేశ్వరుడి ఊరు. శివుడికి మొగలిపువ్వుతో పూజ చేసే క్షేత్రంగా శివరాత్రి జాతరకు తెలంగాణ నుంచే కాక కర్ణాటక నుంచీ జనం వస్తారు. జహీరాబాద్ దగ్గర్లోనే ఉంది, హైదరాబాద్ వంద కిలోమీటర్ల పైచిలుకు. 2016 దాకా మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి. చెరకు, అల్లం, ఆలుగడ్డ మాకు తెలిసిన లెక్కలు. ఈ గాథ రాయడం కోసం ఎమ్యులేటర్‌ను ల్యాప్‌టాప్ మీద పెట్టుకుని వసారాలో కూర్చుంటే, పక్కింటి తొమ్మిదో తరగతి పిల్ల వచ్చి భుజం మీది నుంచి తొంగిచూసింది. సర్కారు బడి, తెలుగు మీడియం. తనకూ ఒక అవకాశం కావాలంది. ఒకటి నుంచి పది దాకా అంకెలు వేయించే మూడు లైన్లు కాగితం మీద రాసిచ్చాను. మొదటిది 'ఫర్ ఐ సమానం 1 టు 10'.

పక్కన కీబోర్డు బొమ్మ పెట్టాను. ఫర్ అనే మాట 'ఎఫ్' మీట మీద ఉందని తనే పట్టేసింది. అన్నీ పెద్ద అక్షరాలు రావాలని క్యాప్స్ లాక్ వేసుకుంది. లైను కొట్టింది. కాగితాన్నీ తెరనూ పక్కపక్కన పెట్టి చూసుకుంది, అక్షరం తేడా లేదు. ఎంటర్ నొక్కింది. ఒకటికీ 'టు'లోని 'టి'కీ మధ్య ప్రశ్నార్థకం మినుకుమంది.

"కాకా, గిది కరెక్టే ఉంది గదా. మల్లెందుకు గట్ల మెరుస్తుంది?"

"నాకైతె కరెక్టే కొడుతుంది. దానికెందుకు కొడ్తలేదో నువ్వే సూడు."

చెరిపింది, కొట్టింది. ఖాళీ ఒకటి ఎక్కువైందేమోనని తీసేసింది. ఖాళీ ఒకటి తక్కువైందేమోనని పెట్టింది. ప్రశ్నార్థకం 'టి' ముందు నుంచి కదలలేదు. సున్నాను అనుమానించింది. ఈ యంత్రంలో సున్నాకు అడ్డగీత ఉంటుంది, కనుక అదీ కాదు. నేను చెప్పేద్దామని నోటిదాకా వచ్చి ఆగాను. మన బళ్లల్లో మాకు చేతకానిది ఇదే, పిల్లలు తప్పు దగ్గర కాసేపు నిలబడేలోపే జవాబు బోర్డు మీద రాసేస్తాం.

కాసేపటికి తనే అడిగింది. "ఫర్ ఒక్క దెబ్బల వచ్చింది. మరి 'టు' నేను రెండు దెబ్బల్ల కొట్టిన. అదేమన్న తప్పా?"

అదే తప్పు. 'ఎఫ్' మీట మీదే మూల ఎర్ర అక్షరాలతో 'టు' అని ఇంకో మాట ఉంటుంది. సింబల్ షిఫ్ట్ పట్టుకుని దాన్ని నొక్కాలి. అలా నొక్కితే యంత్రం లోపల 204 అనే ఒక్క సంఖ్య చేరుతుంది. ఈ పిల్ల విడివిడిగా 'టి', 'ఓ' కొట్టినప్పుడు చేరినవి 84, 79. తెర మీద రెండూ ఒకే తీరుగా కనిపిస్తాయి. పంచాయతీ ఆఫీసు రౌండు సీలుకూ, అదే సీలును పెన్నుతో అచ్చుగుద్దినట్టు గీసిన బొమ్మకూ ఉన్న తేడా ఇది. చూసేవాళ్లకు ఒక్కటే, ఆఫీసులో చెల్లేది ఒకటే. స్పెక్ట్రమ్ నేర్చుకున్న వాళ్లలో ఈ 'టు' దగ్గరా, 'దెన్' దగ్గరా తల బాదుకోని వాళ్లుండరు. 

ఎర్ర 'టు' నొక్కి ఎంటర్ కొట్టింది. లైను టక్కున పైకి ఎక్కింది. మిగిలిన రెండు లైన్లు నిమిషంలో అయ్యాయి. రన్ అనగానే ఒకటి నుంచి పది దాకా అంకెలు తెర మీద దిగాయి, అడుగున 'ఓకే' పడింది.

ఆ తర్వాత ఆ పిల్ల అన్న మాట నాకు ఇంతకాలం తట్టలేదు. "అయితె స్పెల్లింగు రాకున్నా ఇది నడుస్తది కాకా." 

నిజం. బేసిక్ మాటలన్నీ ఇంగ్లీషు. తెలుగు మీడియం పిల్లలకు మొదటి గోడ లెక్క కాదు, స్పెల్లింగు. స్పెక్ట్రమ్‌లో ఆజ్ఞ మాటల స్పెల్లింగు తప్పే వీలే లేదు, ఎందుకంటే వాటిని రాయాల్సిన పనే లేదు. ఇరుకు జ్ఞాపకశక్తి కోసం కేంబ్రిడ్జిలో సింక్లెయిర్ వాళ్లు చేసిన ఏర్పాటు, ఇంగ్లీషు రాని పిల్లలకు సరిగ్గా అతికేది. అయితే అది వాళ్ల చేతికి రాలేదు.

మన దేశంలో సర్కారు బళ్లకు వచ్చిన మొదటి కంప్యూటర్ వేరు. 1984లో కేంద్రం 'క్లాస్' అనే పథకం మొదలుపెట్టింది. బళ్లలో కంప్యూటర్ అక్షరాస్యత దాని ఉద్దేశం. మొదటి విడతలో దేశమంతా కలిపి సుమారు 250 బళ్లు. ఇచ్చింది బ్రిటన్‌లోని ఎకార్న్ సంస్థ తయారుచేసిన బీబీసీ మైక్రో. మొహాలీలోని సెమీకండక్టర్ కాంప్లెక్స్ అదే యంత్రాన్ని లైసెన్సు మీద 'యూనికార్న్' పేరుతో ఇక్కడా తయారుచేసింది. యంత్రంగా అది స్పెక్ట్రమ్ కన్నా దిట్టమైనది. అసలైన మీటలున్న కీబోర్డు, వేగం, పొందికైన బేసిక్. కానీ అందులో ప్రతి ఆజ్ఞనూ అక్షరాలుగా కొట్టాలి, అదీ పెద్ద అక్షరాల్లోనే. 'ప్రింట్'ను చిన్న అక్షరాల్లో కొడితే, లేదా ఒక అక్షరం అటూ ఇటూ అయితే, యంత్రం చెప్పే సమాధానం ఒకే ఒక్క మాట: 'మిస్టేక్'. ప్రోగ్రాం లోపల అయితే లైను నంబరు కూడా చెబుతుంది. లైనులో ఎక్కడో చెప్పదు. ఎర్ర ఇంకుతో పేపరు అంతా కొట్టేసి ఎందుకో రాయని మాస్టార్లు మనకు కొత్త కాదు కాబట్టి పిల్లలు పెద్దగా ఆశ్చర్యపోయి ఉండరు.

స్పెక్ట్రమ్ కూడా ఇక్కడికి లైసెన్సు మీద వచ్చింది. 1986 ప్రాంతంలో డెసిబెల్స్ అనే సంస్థ 'డీబీ స్పెక్ట్రమ్ ప్లస్' పేరుతో అమ్మింది. పట్నాల్లో కొనగలిగిన ఇళ్లల్లోకి వెళ్లింది.

నాదెళ్ల రాసిన 'మారుమూల' మాట దగ్గర నేను ఆగిపోయేది అందుకే. ఆయన అమెరికా నుంచి వెనక్కి చూస్తూ రాశారు, అక్కడి పాఠకుడికి హైదరాబాద్ మారుమూలే కావచ్చు. కానీ బేగంపేట బడి 1923లో జాగీర్దార్ల కొడుకుల కోసం పెట్టిన కళాశాల వారసత్వం ఉన్నది. తండ్రి ఐఏఎస్, తల్లి సంస్కృతం లెక్చరర్. అది మారుమూలైతే ఝరాసంగానికి ఇంకో మాట వెతుక్కోవాలి. ఆయన తెలివిని తక్కువ చేయడం లేదు. ఐఐటీ ప్రవేశ పరీక్షలో తప్పి మణిపాల్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదువుకున్నవాడు, ఎదిగింది సొంత చేవతోనే. నేననేది ఒక్కటే. ఆ ప్రశ్నార్థకం ఎవరింటి టీవీలో మినుకుతుందన్నది అప్పట్లో ఎవరి నాన్న ఏ దేశం వెళ్లొచ్చాడన్న దాని మీద ఆధారపడింది. 

సామాను చేతికందితే మా మండలం ఏం చేయగలదో చెప్పడానికి దూరం వెళ్లక్కర్లేదు. మాచ్‌నూర్ మా మండలంలోదే. అక్కడి సంఘం రేడియోను నడిపేది దళిత మహిళలు, పెద్దగా బడి ఎరగని వాళ్లు. లైసెన్సు రాకముందే ఏళ్ల తరబడి వాళ్లు పాటలూ విత్తనాల ముచ్చట్లూ క్యాసెట్ల మీద రికార్డు చేసి సంఘాల్లో వినిపించారు. 2008 అక్టోబర్‌లో గాలిలోకి వెళ్లింది; దేశపు తొలి కమ్యూనిటీ రేడియోల్లో ఒకటి. మిక్సర్ మీటల మీది ఇంగ్లీషు వాళ్లను ఆపలేదు.

క్యాసెట్ అన్నాను కాబట్టి, స్పెక్ట్రమ్ పిల్లలు పడిన అసలు పాట్లు కూడా చెప్పాలి. వ్యాకరణం తప్పులు తొలి వారంలో తీరిపోతాయి. తీరనిది టేపు. కొట్టిన ప్రోగ్రామును సేవ్ చేస్తే అది కీచుమనే శబ్దంగా మారి టేపు మీద పడుతుంది. మర్నాడు లోడ్ చేస్తే తెర అంచుల్లో రంగు గీతలు పరుగెడతాయి. పెద్ద ప్రోగ్రాం అయితే అయిదు నిమిషాల దాకా ఊపిరి బిగబట్టుకు కూర్చోవాలి. చివరి క్షణంలో 'టేప్ లోడింగ్ ఎర్రర్' అని పడుతుంది. శబ్దం పెంచాలో తగ్గించాలో తెలియదు. రికార్డర్ హెడ్డు పక్కనున్న బుల్లి స్క్రూను సన్నని స్క్రూడ్రైవర్‌తో వెంట్రుకవాసి తిప్పితే ఒక్కోసారి దారికొస్తుంది, ఒక్కోసారి ఇంట్లో ఉన్న పాటల క్యాసెట్లన్నీ ఆ రోజు నుంచి బొంగురుపోతాయి. ఇంట్లో పెద్దవాళ్లకు కోపం వచ్చేది కంప్యూటర్ మీద కాదు, దీని మీద. మధ్యలో కరెంటు పోతే ఇక మాట్లాడేదేముంది, కొట్టిందంతా గంగలోకే.

ప్రశ్నార్థకానికి దొరకని తప్పులూ ఉన్నాయి. నా దృష్టిలో పిల్లాడు ప్రోగ్రామర్‌గా మారేది అక్కడే. కొత్తగా కూర్చున్న ఎవరైనా మొదట చేసే పని తన పేరు తెర మీద చూసుకోవడం. 'పి' నొక్కి ప్రింట్ తెప్పించి, పక్కన తన పేరు కొట్టి ఎంటర్ నొక్కుతాడు. ప్రశ్నార్థకం రాదు. లైను దర్జాగా ఒప్పుకుంటుంది. కానీ తెర అడుగున ఇలా పడుతుంది: 'వేరియబుల్ నాట్ ఫౌండ్'. నీ పేరుతో ఇక్కడ ఏదీ లేదు పొమ్మని. కొటేషన్ గుర్తులు పెట్టనందువల్ల యంత్రం ఆ పేరును ఒక సంఖ్య దాచిన గదిగా అనుకుంది. ఇంటిపేరు, సొంత పేరు రెండూ కొట్టినా ఒప్పుకుంటుంది, ఎందుకంటే స్పెక్ట్రమ్ బేసిక్‌లో సంఖ్యల పేర్ల మధ్య ఖాళీలుండొచ్చు. వ్యాకరణం ఒప్పే, అర్థమే తప్పు. సందేశం చివర రెండు అంకెలుంటాయి: ఏ లైను, ఆ లైనులో ఎన్నో వాక్యం అని. అప్పుడు యంత్రం వేలుపెట్టి చూపించదు, జాడ మాత్రం ఇస్తుంది. 'వేరియబుల్ దొరకలేదు' అన్న చోటు నుంచి వెనక్కి నడిచి, దాన్ని ఎక్కడ పుట్టించడం మరిచామో వెతుక్కోవాలి. 'నెక్స్ట్' ఉండి 'ఫర్' లేకపోతే ఆ మాటే చెబుతుంది. విలువ హద్దు దాటితే 'ఇంటీజర్ అవుట్ ఆఫ్ రేంజ్'. 'వాల్' అనే ఫంక్షన్‌కు పనికిమాలిన రాత ఇస్తే 'నాన్సెన్స్ ఇన్ బేసిక్'. ఆ యంత్రం కాస్త నోరు జారినట్టు అనిపించేది ఆ ఒక్కచోటే.

ఇంత నిక్కచ్చిగా తప్పులు పట్టే యంత్రంలోనూ తప్పులున్నాయి. దాని బేసిక్ పూర్తిగా పదును పెట్టకుండానే చిప్పుల్లోకి వెళ్లిపోయింది. మైనస్ 65536 అనే సంఖ్య దగ్గర పూర్ణాంకం తీసే లెక్క తప్పుతుంది. ప్రపంచమంతటా పిల్లలు అలాంటివి పట్టుకుని సంబరపడ్డారు. పాఠం చెప్పేవాడి తప్పు పట్టుకున్న రోజున కలిగే సంతోషం ఏ వయసులోనైనా ఒక్కటే.

బేసిక్ పుట్టుకలోనే ఈ సామాన్యుడి గొడవ ఉంది. అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ అనే ఇద్దరు లెక్కల ఆచార్యులు, సైన్సు చదవని విద్యార్థులు కూడా కంప్యూటర్ వాడాలని పట్టుబట్టి ఈ భాష తయారుచేశారు. 1964 మే 1న తెల్లవారుజామున నాలుగింటికి మొదటి ప్రోగ్రాములు నడిచాయి. పదకొండేళ్ల తర్వాత, 1975లో, బిల్ గేట్స్, పాల్ ఆలెన్ ఆల్టెయిర్ యంత్రానికి బేసిక్ రాసి అమ్మారు. దాన్ని చూపించడానికి ఆల్బుకర్కీ వెళుతూ విమానంలో కూర్చుని ఆలెన్ మిగిలిపోయిన ఒక ముక్క రాశాడు. దిగాక రెండూ రెండూ కూడమంటే యంత్రం నాలుగు అంది. మైక్రోసాఫ్ట్ మొదటి సరుకు అదే.

స్పెక్ట్రమ్ బేసిక్‌లో మైక్రోసాఫ్ట్ చెయ్యి లేదు. దాని గుండె జడ్80 చిప్పు. ఇంటెల్ వదిలి బయటికొచ్చిన ఫెడెరికో ఫాజిన్ పెట్టిన జైలాగ్ సంస్థది. గేట్స్, ఆలెన్ రాసింది ఇంటెల్ 8080కి. అంటే దాయాదుల యంత్రం మీద ఓనమాలు దిద్దిన హైదరాబాద్ కుర్రాడు 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరి, 2014 ఫిబ్రవరి 4న దాని అధిపతి అయ్యాడు. ఆయన హయాంలోనే 2020లో ఆ కంపెనీ తన పాత జీడబ్ల్యూ బేసిక్ మూల రాతను అందరికీ తెరిచిపెట్టింది. ఇప్పుడు ఎవరైనా దాన్ని చదివి సింటాక్స్ ఎర్రర్ అనే సందేశం ఎక్కడి నుంచి వస్తుందో చూసుకోవచ్చు. 

పక్కింటి పిల్ల ఇప్పుడు ఎక్కాలు వేయించే ప్రోగ్రాం మీద ఉంది. పదమూడో ఎక్కం దాకా బాగానే నడిచి ఆగిపోతోందట. కారణం అడగలేదు, తనే చూసుకుంటానంది.

చివరగా ఒక విన్నపం. ఈ వ్యాసం చదివేవాళ్లలో ఎవరింటి అటక మీదైనా స్పెక్ట్రమో, డీబీ స్పెక్ట్రమో, బీబీసీ మైక్రోనో మూటకట్టి ఉంటే పాత సామాన్లవాడికి తూకానికి వేయకండి. అలాగని స్పెక్ట్రమ్‌కు చేతికందిన 9 వోల్టుల అడాప్టర్ తగిలించి చూడకండి. దాని పిన్నులో మధ్యభాగం నెగెటివ్, ఇప్పుడు బజార్లో దొరికే వాటిల్లో ఎక్కువగా అది పాజిటివ్. తిరగేసి కరెంటు ఇస్తే బోర్డు దెబ్బతింటుంది. తెలిసిన మెకానిక్ చేత పాత కెపాసిటర్లు మార్పించండి. బాగుపడ్డాక మీకు దగ్గర్లో ఉన్న సర్కారు బడికి ఇవ్వండి, తెలుగు మీడియం అయితే మరీ మంచిది.